లిల్లీ బెల్ పెట్టెలో నాన్నకి ఒక్క రౌండు: ఎవర్ని అడగాలి?

బిట్రగుంట_బాబు
నాన్న వచ్చే నెల మా ఇంటికి, ఇర్వైన్‌కి వస్తున్నారు. అమ్మ పోయాక ఇదే మొదటిసారి. ఆయన బిట్రగుంట స్టీమ్ షెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఆవిరి ఇంజన్‌లో బొగ్గు వేసి మంట చూసుకునే పనిలో చేరి డీజిల్ డ్రైవరుగా రిటైరయ్యారు. అమెరికాలో ఏం చూస్తావు నాన్నా అంటే "ఆవిరి ఇంజన్ ఎక్కడైనా నడుస్తుంటే చూపించు, చాలు" అన్నారు. పక్కనే ఆనహైమ్‌లో డిస్నీలాండ్ రైలు ఉంది కదా. ఆ రైలు చివర అప్పుడప్పుడు ఒక ఎర్ర పెట్టె తగిలిస్తారు, దాని పేరు లిల్లీ బెల్. ఆయన్ని అందులో కూర్చోబెట్టాలని నాకు చాలా ఆశ. తెలిసిన ఒక ట్రావెల్స్ ఆయన్ని అడిగాను. పార్కు టికెట్ కాక మనిషికి 150 డాలర్లు ఇస్తే "లోపల మనవాళ్ళున్నారు, సీటు ఖాయం" అన్నాడు. ముగ్గురికి 450. సగం ఇచ్చేశాను కూడా. నిన్నటి నుంచి టెన్షన్‌గా ఉంది. మీలో ఎవరైనా ఎక్కారా? ఎలా ఎక్కారు?

రైలు_పిచ్చి
మిగతా సగం ఇవ్వకండి. ఇచ్చిన సగం ఈ రోజే వెనక్కి అడగండి.

ఆనహైమ్_అక్క
రైలు_పిచ్చి చెప్పిందే నా మాట కూడా. మేం ఎక్కినప్పుడు పార్కు టికెట్ తప్ప ఒక్క డాలరు కట్టలేదు. జరిగింది చెప్తాను. పార్కు తెరవగానే పిల్లల్ని ఏ రైడ్ వైపూ పోనివ్వకుండా నేరుగా మెయిన్ స్ట్రీట్ స్టేషన్ మెట్లెక్కాం. గేటు దాటగానే ఎదురుగా కనపడే స్టేషనే అది. ప్లాట్‌ఫారం మీద కండక్టర్ నిలబడి ఉన్నాడు. "ఈ రోజు లిల్లీ బెల్ నడుస్తుందా?" అని మా ఆయన అడిగాడు. ఆయన నవ్వి, ఎంతమంది అని అడిగి, రెండు రైళ్ళు వదిలాక రమ్మన్నాడు. అంతే, వేరే మంత్రం ఏమీ లేదు. కానీ ఆ పెట్టెలో పట్టేది కొద్దిమందే. జనంతో పాటు ఒక ఉద్యోగి లోపల ఉండాలి. ఆ మనిషి దొరికిన రోజే ఎక్కనిస్తారు.

కాజీపేట_పిల్ల
అక్కా, లోపల ఎలా ఉంటుంది? ఫోటోలు చూశాను గానీ కూర్చున్నవాళ్ళు చెప్తే వినాలని ఉంది.

ఆనహైమ్_అక్క
మా అమ్మమ్మగారింట్లో ముందు గది గుర్తొచ్చింది నాకు. తళతళలాడే మహాగని చెక్క గోడలు, ముదురు ఎరుపు మఖమల్ కుర్చీలు, చిన్న బల్లలు, పైన రంగు అద్దాలు, ఎటు చూసినా గులాబీ పువ్వుల డిజైన్లు. గోడల మీద డిస్నీ కుటుంబం ఫోటోలు. మా చిన్నది చెప్పులు విప్పి ఎక్కింది, ఎవరూ చెప్పకుండానే.

ఓర్లాండో_రావు
లిల్లీ బెల్ మా ఫ్లోరిడాలో ఉంది కదా? మా పిల్లలతో పోయిన ఏడు చూశాను. ఆకుపచ్చ ఇంజన్, పేరు కూడా రాసి ఉంది. కాలిఫోర్నియాలో ఎక్కడిది?

రైలు_పిచ్చి
రావు గారూ, మీరు చూసింది నిజమే, అక్క చెప్పిందీ నిజమే. లిల్లీ బెల్‌లు మూడున్నాయి.

మొదటిది వాల్ట్ డిస్నీ ఇంటి పెరట్లో నడిచిన బుల్లి ఇంజన్. 1950లో లాస్ ఏంజెలెస్‌లో కారోల్‌వుడ్ డ్రైవ్‌లో ఉన్న తన ఇంటి చుట్టూ పట్టాలు వేయించుకున్నాడు. అసలు ఇంజన్‌లో 8వ వంతు సైజు. పట్టాల మధ్య వెడల్పు 7¼ అంగుళాలే. దాని మీద కాళ్ళు చాపి కూర్చుని స్వయంగా నడిపేవాడు. భార్య లిలియన్ పూలతోట పాడవకూడదని తోట కింద నుంచి సొరంగం తవ్వించాడు. ఆ ఇంజన్‌కి ఆమె పేరే పెట్టాడు.

రెండోది మీ ఫ్లోరిడా ఇంజన్. 1928లో బాల్డ్విన్ కంపెనీ తయారు చేసింది. మెక్సికోలో యుకతాన్‌లో పనిచేసి వచ్చింది.

మూడోది మనం మాట్లాడుకుంటున్న పెట్టె. ఇది ఇంజన్ కాదు, పార్లర్ కారు, అంటే ముందు గదిలా కుర్చీలు వేసిన పెట్టె. 1955లో డిస్నీలాండ్ తెరిచినప్పుడు నడిచిన పసుపు రంగు ప్యాసింజర్ రైలుకి చివర "గ్రాండ్ కేన్యన్" అని ఒక అబ్జర్వేషన్ పెట్టె ఉండేది. 70లలో దాన్నే విప్పి, లోపలంతా మార్చి, లిల్లీ బెల్ అని పేరు పెట్టారు. లోపలి అలంకరణలో లిలియన్ గారి చెయ్యి కూడా ఉంది. 1975 అక్టోబరులో జపాన్ చక్రవర్తి హిరోహిటో పార్కుకి వచ్చినప్పుడు ఎక్కింది ఇందులోనే.

ఓర్లాండో_రావు
ఇన్నేళ్ళూ ఒకటే అనుకున్నాను. పేరు పెట్టిన ఆవిడ అదృష్టవంతురాలు.

గాజువాక_కుర్రాడు
మా ఆవిడ పేరు ఏదైనా బండికి పెడదామంటే మా స్కూటరు ఒక్కటే ఉంది. పెట్టేశాను, రాణి.

శాన్‌డియేగో_శీను
అందరూ ఎర్ర పెట్టె గురించే మాట్లాడుతున్నారు. బాబు గారూ, మీ నాన్నగారు ఫైర్‌మన్ అన్నారు. ఆయన్ని చివరి పెట్టెలో మఖమల్ కుర్చీలో కూర్చోబెడితే ఇంజన్ ఎక్కడ కనపడుతుంది? రైలుకి ఆ చివర ఇంజన్, ఈ చివర ఆయన. నేనైతే ముందు టెండర్‌లో, అంటే ఇంజన్‌కి నూనె, నీళ్ళు మోసే బండిలో, సీటు అడుగుతాను. 2014లో మా పెద్దోడికి 7 ఏళ్ళప్పుడు అడిగాం, ఇద్దరం ఎక్కాం. ఇంజన్ వెనక టెండర్‌లో చిన్న సీటు ఉంటుంది, ఎదురుగా డ్రైవర్ చెయ్యి, ఫైర్‌మన్ చెయ్యి, గేజీలు, మంట వేడి. నూనె వాసన మా చొక్కాలకి ఇంటిదాకా వచ్చింది. అదీ ప్రయాణమంటే.

బిట్రగుంట_బాబు
శీను గారూ, ఇది నాకు తట్టనే లేదు. అమ్మకి ఎప్పుడూ ఫస్ట్ క్లాసులో వెళ్ళాలని ఉండేది. పాసు ఉన్నా పిల్లల స్కూళ్ళు, డ్యూటీలతో ఎప్పుడూ కుదరలేదు. అందుకే నాన్నని మంచి పెట్టెలో కూర్చోబెట్టాలనుకున్నాను. నేను అనుకున్నది నాన్నకి కావలసినదా, నాకు కావలసినదా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

కాజీపేట_పిల్ల
రెండూ అడగండన్నా. ఏది దొరికితే అది.

పాత_గార్డు_సత్యం
నేను సికింద్రాబాద్ డివిజన్‌లో గార్డుగా 31 ఏళ్ళు చేశాను, ఇప్పుడు డల్లాస్‌లో కూతురి దగ్గర ఉన్నాను. శీను చెప్పింది కుర్రవాళ్ళకి సరే. బాబూ, మీ నాన్నకి మోకాళ్ళెలా ఉన్నాయి? ఇంజన్ మీదికి ఎక్కేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉంటుంది, పట్టుకుని ఒక్కసారి ఒళ్ళు లేపాలి. మాలాంటి వాళ్ళకి మనసు పరిగెత్తుతుంది, కాలు రాదు. నలుగురి ముందు ఎక్కలేకపోతే ఆయన బయటికి చెప్పడు గానీ చాలా బాధపడతాడు. ఆయన్నే ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఇంజన్ చూపించి, ఎక్కడ కూర్చుంటావని అడుగు. నువ్వు ముందే తేల్చకు.

శాన్‌డియేగో_శీను
సత్యం గారూ, ఆ మాట నిజం. నేను నా వయసు బట్టి చెప్పాను.

వెన్నెల_తల్లి
మాకు తెలిసినవాళ్ళు క్లబ్ 33 మెంబర్‌షిప్ ఉంటేనే లిల్లీ బెల్ ఎక్కనిస్తారన్నారు. మరి?

ఆనహైమ్_అక్క
క్లబ్ 33 న్యూ ఆర్లియన్స్ స్క్వేర్‌లో 1967 నుంచి ఉన్న ప్రైవేట్ క్లబ్బు. మేం ఎక్కినప్పుడు మాకు ఏ మెంబర్‌షిప్పూ లేదు, మాతో కూర్చున్న ముసలి దంపతులకీ లేదు. వాళ్ళు అయోవా నుంచి వచ్చారు.

ట్రైన్_టికెట్
కొన్నేళ్ళ క్రితం గ్రాండ్ సర్కిల్ టూర్ అని గైడ్‌తో తిరిగే టూర్ ఉండేది, లిల్లీ బెల్ ప్రయాణం అందులోనే కలిసి ఉండేది. నేను అందులో వెళ్ళాను. డబ్బు కట్టే వెళ్ళాను కాబట్టి ఆ ట్రావెల్స్ ఆయన చెప్పేది పూర్తిగా కల్పన అని అనలేం.

రైలు_పిచ్చి
ట్రైన్_టికెట్ గారూ, మీరు పార్కు వాళ్ళకే కట్టారు, రసీదు తీసుకున్నారు. బయటి మనిషి "లోపల మనవాళ్ళున్నారు" అని తీసుకునే డబ్బుకి రసీదేదీ? పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి ఏ సామాన్యుడైనా అడగగలిగే దాన్ని ఆయన 150కి అమ్ముతున్నాడు. ఆ రోజు పెట్టె తగిలించకపోతే ఆయనేం చేస్తాడు?

ట్రైన్_టికెట్
రసీదు మాట ఒప్పుకుంటున్నాను. బాబు గారూ, రసీదు అడిగి చూడండి, ఆ మనిషి సంగతి అప్పుడే తెలిసిపోతుంది.

కడప_కృష్ణ
మేం జులైలో వెళ్ళాం. ఎండకి పిల్లలు వాడిపోయారు. కండక్టర్‌ని అడిగితే ఈ రోజు ఆ పెట్టె తియ్యలేదు అన్నాడు. చెక్క పెట్టె, అద్దాలు, మఖమల్. అంత వేడిలో ఎలా కూర్చుంటాం, పాపం వాళ్ళు చెప్పిందీ సబబే. అదే మా తోడల్లుడు జనవరిలో, అదీ బుధవారం వెళ్ళాడు, వాళ్ళకి దొరికింది. చలికాలం, మధ్య వారం, పొద్దున్నే. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

గాజువాక_కుర్రాడు
మా వైజాగ్‌లో అయితే కిరండూల్ రైలుకి అద్దాల పెట్టె తగిలిస్తారు కదా, విస్టాడోమ్. 2017లో మొదలైంది. సీటు బుక్ చేసుకుంటే అరకు దాకా కొండలు, సొరంగాలు చూస్తూ పోవచ్చు. ఫోన్‌లో బుక్ అయిపోతుంది. అక్కడ ఇంత పెద్ద పార్కుకి ఆన్‌లైన్ ఎందుకు లేదు?

రైలు_పిచ్చి
విస్టాడోమ్ టికెట్ అమ్మే పెట్టె. లిల్లీ బెల్ ఒకావిడ జ్ఞాపకంగా దాచుకున్న గది లాంటిది. ఆ రైల్వేకి డిస్నీ స్టూడియోతో సంబంధం లేకుండా చాలాకాలం వాల్ట్ సొంత కుటుంబమే యజమాని. కంపెనీ పేరు రెట్‌లా. వాల్టర్ అనే పేరుని ఇంగ్లీషులో వెనకనుంచి చదివితే వచ్చేది అదే. 1982 దాకా ఆ కుటుంబం చేతిలోనే ఉంది. ఇంట్లో ముందు గదికి ఎవరైనా ఆన్‌లైన్ బుకింగ్ పెడతారా? తలుపు దగ్గరికి వచ్చి అడిగితే రమ్మంటారు, అంతే.

కాజీపేట_పిల్ల
వెనకనుంచి చదివి చూశాను. నిజమే!

వెన్నెల_తల్లి
మా నాలుగేళ్ళ వాడికి ప్రతి రైల్లోనూ సమోసాలు వస్తాయని గట్టి నమ్మకం. డిస్నీలాండ్ రైల్లో మూడు స్టేషన్లు దాటేదాకా తలుపు వైపే చూశాడు.

కడప_కృష్ణ
సమోసాలు రాకపోయినా నూనె మాత్రం వచ్చింది తల్లీ. ఆ ఇంజన్లు 2007లో బయోడీజిల్‌కి మారాయి. 2009లో పార్కు వంటశాలల్లో వేయించగా మిగిలిన నూనె కూడా అందులో వాడటం మొదలుపెట్టారు.

పాత_గార్డు_సత్యం
బాబూ, ఇది మీ నాన్నకి ముందే చెప్పు. లేకపోతే మొదట పార కోసం వెతుకుతాడు.

బిట్రగుంట_బాబు
సత్యం బాబాయ్, నిన్న ఫోన్‌లో చెప్పాను. "బొగ్గు లేదా? మరి ఫైర్‌మన్ ఏం చేస్తాడు?" అన్నారు. బర్నర్‌కి నూనె ఎంత పోవాలో, ఆవిరి ఎంత కలవాలో వాల్వు పట్టుకుని చూసుకుంటాడు నాన్నా అన్నాను. కాసేపు ఆగి "అయితే పొగ రంగు చూసి తిప్పాలి, పని ఉంది" అన్నారు. ఆయన గొంతులో అంత హుషారు అమ్మ పోయాక నేను వినలేదు.

రైలు_పిచ్చి
ఇంకో సంగతి కూడా చెప్పండి ఆయనకి. మనది బ్రాడ్ గేజి, 1676 మిల్లీమీటర్లు. ఇది 3 అడుగుల నారో గేజి, 914. ఇంజన్లు 5. మొదటి రెండూ, సి.కె. హాలిడే, ఇ.పి. రిప్లీ, డిస్నీ వాళ్ళే 1954లో కట్టించుకున్నారు. మిగతా మూడూ బయట పనిచేసి వచ్చిన బాల్డ్విన్ ఇంజన్లు. వాటిలో ఫ్రెడ్ గర్లీ 1894ది. ఆ ఇంజన్ వచ్చిన రోజు దొరికితే మీ నాన్నగారు నమస్కారం పెడతారు.

లిల్లీ బెల్ దొరకకపోతే దిగులు పడకండి. లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ పార్కులో వాల్ట్ పెరటి రైలు నడిపిన కొట్టం అలాగే తెచ్చి పెట్టారు. ప్రతి నెలా 3వ ఆదివారం తెరుస్తారు, టికెట్ లేదు. అసలు 1955 పసుపు రైలులో ఒక పెట్టె, లిల్లీ బెల్‌కి సొంత అన్న లాంటిది, అక్కడే ఉంది. పక్కనే బుల్లి ఆవిరి ఇంజన్లు నడిపే పెద్దవాళ్ళ సంఘం ఉంది. మీ నాన్నగారు అక్కడికి వెళ్తే సాయంత్రం దాకా ఇంటికి రారు.

శాన్‌డియేగో_శీను
పిచ్చి గారూ, పేరుకి తగ్గట్టే ఉన్నారు.

ఆనహైమ్_అక్క
బాబు గారూ, వెళ్ళే రోజు ముందురోజు రాత్రే భోజనాలు, టికెట్లు అన్నీ సర్దుకోండి. గేటు తెరిచేసరికి అక్కడుండాలి. లిల్లీ బెల్ ఎక్కితే మధ్యలో దిగనివ్వరు, చుట్టూ ఒక రౌండు తిరిగి మళ్ళీ మెయిన్ స్ట్రీట్‌లోనే దింపుతారు. ఎక్కే ముందు బాత్రూమ్ పని చూసుకోండి, పెద్దాయన కదా. మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌కి మెట్లు కూడా ఉన్నాయి. అడిగేటప్పుడు కథ మొత్తం చెప్పాల్సిన పని లేదు, ఒక్క మాట చాలు: మా నాన్న ఆవిరి ఇంజన్ ఫైర్‌మన్. అక్కడ పనిచేసేవాళ్ళు రైలంటే ప్రాణం పెట్టేవాళ్ళు.

బిట్రగుంట_బాబు
అడ్వాన్సు వెనక్కి వచ్చింది. రసీదు అడిగాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, మూడో రోజు మొత్తం పంపాడు. ట్రైన్_టికెట్ గారికి, పిచ్చి గారికి థ్యాంక్స్. నాన్న శనివారం దిగుతున్నారు.

కాజీపేట_పిల్ల
వెళ్ళొచ్చాక తప్పకుండా రాయండన్నా.

కడప_కృష్ణ
ఏమైంది బాబూ? మూడు వారాలైంది.

బిట్రగుంట_బాబు
ఆలస్యానికి ఏమీ అనుకోకండి, నిన్ననే మళ్ళీ వెళ్ళొచ్చాం. మొత్తం రాస్తున్నాను.

మొదటిసారి మంగళవారం వెళ్ళాం. ఆ రోజు లిల్లీ బెల్ తగిలించలేదు. నేను చిన్నబోయాను గానీ నాన్నకి ఆ సంగతే పట్టలేదు. ప్లాట్‌ఫారం చివర ఇంజన్ పక్కన నిలబడిపోయారు. రైలు వెళ్ళిపోతే ఇంకో రైలు, అది వెళ్తే ఇంకోటి. సత్యం బాబాయ్ చెప్పినట్టు "ఎక్కుతావా నాన్నా?" అని టెండర్ చూపించి అడిగాను. మెట్టు వైపు చూసి, "వద్దురా, ఇక్కణ్ణించి బాగా వినపడుతోంది" అన్నారు. బలవంతపెట్టలేదు. మామూలు పెట్టెలో రెండు రౌండ్లు తిరిగాం. న్యూ ఆర్లియన్స్ స్క్వేర్‌లో ఇంజన్‌కి నీళ్ళు పడుతుంటే దిగి చూస్తానన్నారు. అక్కడ ఒక ఉద్యోగితో ఆయన ఇంగ్లీషులో, చేతులతో, బాయిలర్‌లోకి నీళ్ళు పంపే ఇంజెక్టర్ గురించి పావుగంట మాట్లాడారు.

రెండోసారి నిన్న, గురువారం. చలి, మబ్బు. అక్క చెప్పినట్టే గేటు తెరవగానే వెళ్ళి ఒక్క మాట అడిగాను. కండక్టర్ నాన్న వైపు చూసి, టోపీ తీసి, రెండో రైలుకి రమ్మన్నాడు. లోపలికి వెళ్ళగానే నాన్న అంచున కూర్చున్నారు, మఖమల్ నలుగుతుందేమోనని. గోడ మీద లిలియన్ గారి ఫోటో చూసి ఎవరని అడిగారు. చెప్పాను, పూలతోట కింద సొరంగం సంగతి కూడా. "మీ అమ్మకి కూడా మల్లెతోట ఉండేది క్వార్టర్స్‌లో" అని ఊరుకున్నారు. కాసేపటికి వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. సందర్శకుల పుస్తకం ఇస్తే తెలుగులో సంతకం పెట్టి, కింద "ఫైర్‌మన్, బిట్రగుంట" అని రాశారు. ఆ తర్వాత అమ్మ పేరు కూడా రాశారు.

ఇంకో సంగతి. న్యూ ఆర్లియన్స్ స్క్వేర్‌లో రైలు ఆగినప్పుడు స్టేషన్ లోంచి టెలిగ్రాఫ్ టకటకలు వినపడ్డాయి. నాన్న చెవి పెట్టి విన్నారు. షెడ్డులో ఉన్న రోజుల్లో స్టేషన్ మాస్టర్ దగ్గర మోర్సు, అంటే టెలిగ్రాఫ్ టకటకల భాషలో కొన్ని అక్షరాలు నేర్చుకున్నారట. "ఏదో చెప్తోంది గానీ ఇది మన మోర్సు కాదురా, దెబ్బలు వేరు" అన్నారు. ఎవరికైనా తెలుసా ఏమిటది?

రైలు_పిచ్చి
ఒళ్ళు జలదరించింది బాబు గారూ. మీ నాన్నగారు సరిగ్గా పట్టుకున్నారు. మన దగ్గర వాడింది అంతర్జాతీయ మోర్సు. అక్కడ కొట్టేది అమెరికా రైల్వేల పాత ల్యాండ్‌లైన్ కోడు, కొన్ని అక్షరాలకి దెబ్బలు వేరు. 1955లో పార్కు తెరిచిన రోజు వాల్ట్ డిస్నీ మాట్లాడిన ప్రసంగంలో మొదటి మాటలే అందులో కొడుతున్నారు. ఆ కోడు పట్టిక సంపాదించి ఆయనకి పంపిస్తాను. మూడో ఆదివారం గ్రిఫిత్ పార్కుకి వెళ్తారా?

బిట్రగుంట_బాబు
వెళ్తున్నాం. పట్టిక పెద్ద అక్షరాల్లో పంపండి, నాన్న కళ్ళజోడు ఇండియాలో మర్చిపోయి వచ్చారు.